బైక్ సెల్ఫ్ తీసుకోవట్లేదా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంట్లోనే ఇవి చెక్ చేస్కోండి

బండి స్టార్ట్ కాకపోతే చాలామంది నోట వచ్చే మొదటి మాట 'బ్యాటరీ పోయింది'. వెంటనే షాపుకెళ్లి కొత్తది వేయించేస్తారు. నెల తిరగకుండానే మళ్లీ అదే సమస్య. ఎందుకంటే చాలా సందర్భాల్లో బ్యాటరీ డౌన్ కావడం అసలు రోగం కాదు, రోగ లక్షణం మాత్రమే. ఛార్జింగ్ రాకపోవడం, ఎర్త్ వైర్ తుప్పు పట్టడం, ఎక్కడో కరెంట్ లీక్ అవ్వడం లాంటివి అసలు కారణాలు. అవి సరిచేయకుండా ఎన్ని బ్యాటరీలు మార్చినా డబ్బు దండగే.

కాబట్టి ముందు కొలవాలి, తర్వాతే పార్ట్ మార్చాలి. దీనికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్, బండితో వచ్చిన టూల్ కిట్, ప్లగ్ పానా, ఉప్పుకాగితం ముక్క, ఒకే రేటింగ్ ఉన్న రెండు మూడు స్పేర్ ఫ్యూజులు చాలు. ఏ వరుసలో చెక్ చేయాలో ఇప్పుడు చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఈ జాగ్రత్తలు

బండిని గాలి బాగా ఆడే చోట సెంటర్ స్టాండ్ మీద పెట్టాలి. ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. బ్యాటరీలో సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది, ఛార్జ్ అయ్యేటప్పుడు మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల, దీపం ఏవీ ఉండకూడదు. చేతికి ఉంగరం, వాచీ, కడియం ఉంటే తీసేయడం మంచిది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టాలి. ఇది తిరగేస్తే ప్రమాదం. పాజిటివ్ విప్పుతున్న పానా పొరపాటున ఛాసిస్‌కి తగిలితే నేరుగా షార్ట్ అయి నిప్పులు లేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైర్ పీకి చూడటం కూడా చాలామందికి అలవాటు. అలా చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగి రెగ్యులేటర్, ఈసీయూ దెబ్బతినే అవకాశం ఉంది.

ముందుగా స్విచ్‌ల సంగతి

నవ్వొచ్చినా సరే, మొదట చూడాల్సింది కిల్ స్విచ్. పార్కింగ్‌లో పిల్లలు నొక్కేసినా, బండి తుడిచేటప్పుడు చెయ్యి తగిలినా అది ఆఫ్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాత సైడ్ స్టాండ్. ఇప్పటి బండ్లలో చాలావాటికి సైడ్ స్టాండ్ దగ్గర కటాఫ్ స్విచ్ ఉంటుంది. స్టాండ్ పైకి ఎత్తినా స్విచ్‌లో బురద పేరుకుంటే అది దించే ఉందనుకుని బండి స్టార్ట్ కాదు. నీళ్లతో కడిగి, స్టాండ్‌ను నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడిస్తే సరిపోవచ్చు.

గేర్ న్యూట్రల్‌లో ఉందా, మీటర్‌లో పచ్చ లైట్ వెలుగుతోందా చూడాలి. లైట్ రాకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకుని సెల్ఫ్ కొట్టి చూడాలి. అప్పుడు తీసుకుంటే సమస్య న్యూట్రల్ స్విచ్ దగ్గరే. బండి పక్కకు పడిపోయి లేపాక స్టార్ట్ కావట్లేదంటే తాళం ఒకసారి ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి ఒరిగితే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఆఫ్ చేస్తేనే అది రీసెట్ అవుతుంది.

సెల్ఫ్ నొక్కితే ఏ శబ్దం వస్తోంది?

మీటర్ పట్టుకునే ముందు చెవితో వింటే సగం విషయం తెలిసిపోతుంది.

'టక టక టక' మని వరుసగా కొట్టుకుంటే: రిలే పనిచేస్తోంది కానీ దాన్ని పట్టి ఉంచే బలం బ్యాటరీకి లేదు. బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ లూజ్ అయి ఉండాలి.

'టక్' అని ఒక్కసారే వచ్చి ఆగిపోతే: స్టార్టర్ రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, మోటార్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, లావు కేబుల్ లూజ్ అయి ఉండొచ్చు.

అసలు ఏ శబ్దమూ రాకపోతే: ఫ్యూజు, సెల్ఫ్ బటన్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ వైపు చూడాలి.

మోటార్ చక్కగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే: బ్యాటరీ జోలికి వెళ్లక్కర్లేదు. సమస్య స్పార్క్‌లోనో, పెట్రోల్ సప్లైలోనో ఉంది.

మీటర్ లేకపోతే హారన్ కొట్టి చూడొచ్చు. హారన్ పీలగా వస్తే బ్యాటరీ బలహీనం. హెడ్‌లైట్‌ని చూసి మాత్రం అంచనాకు రాకూడదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. వీటిలో చాలా మోడళ్లలో ఇంజిన్ నడిస్తేనే లైట్ వస్తుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు లైట్ రాలేదంటే బ్యాటరీ పోయినట్టు కాదు.

బ్యాటరీ: మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టాలి. ఎర్ర ప్రోబ్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించాలి. బండి ఆపి కనీసం గంట అయ్యాక చూస్తేనే సరైన రీడింగ్ వస్తుంది.

12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే ఫుల్ ఛార్జ్. 12.2 దగ్గర ఉంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే బ్యాటరీ బాగా దిగిపోయినట్టే.

ఇక్కడితో ఆపితే లాభం లేదు. పాతబడిన బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది, బరువు పడగానే కుప్పకూలుతుంది. అందుకే మీటర్ అలాగే పట్టుకుని సెల్ఫ్ నొక్కాలి. ఆ క్షణంలో రీడింగ్ 10 వోల్టులకు పైన నిలబడితే బ్యాటరీ బాగున్నట్టు. 9.5 కిందకు, 7కో 8కో జారిపోతే ముందు పూర్తిగా ఛార్జ్ చేసి మళ్లీ ఇదే టెస్ట్ చేయాలి. అప్పుడూ జారితే బ్యాటరీ మార్చాల్సిందే.

ఇంట్లో ఛార్జ్ చేసేటప్పుడు కారు బ్యాటరీల ఛార్జర్, ఇన్వర్టర్ వాడకూడదు. 100, 125 సీసీ బండ్లలో ఉండే బ్యాటరీ కెపాసిటీ సాధారణంగా 3 నుంచి 5 ఆంపియర్ అవర్. ఛార్జింగ్ కరెంట్ అందులో పదోవంతు ఉంటే మంచిది. అంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్. అంతకు ఎన్నో రెట్లు ఎక్కించే ఛార్జర్ పెడితే బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. సీల్డ్ బ్యాటరీ మూత ఊడదీసి నీళ్లు పోయకూడదు. మూతలున్న పాత రకం అయితే లెవల్ గీత వరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

ఎవరికీ కనిపించని దొంగ: లూజ్ కాంటాక్ట్

బ్యాటరీ బాగానే ఉన్నా కరెంట్ మోటార్ దాకా చేరకపోవచ్చు. టెర్మినల్ దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో కడగాలి. ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన పలుచగా పెట్రోలియం జెల్లీ రాయాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఈ తుప్పు త్వరగా పడుతుంది.

ఎర్త్ వైర్‌కూ ఒక తేలికైన టెస్ట్ ఉంది. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్టు మీద పెట్టి సెల్ఫ్ నొక్కాలి. రీడింగ్ 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. అర వోల్టు పైన చూపిస్తే ఎర్త్ సరిగ్గా లేనట్టు. ఆ వైర్ బోల్టు విప్పి శుభ్రం చేస్తే, వందల రూపాయల పార్టులు మార్చినా పోని సమస్య ఒక్కోసారి ఇక్కడే తీరిపోతుంది.

ఫ్యూజు పోతే వైర్ ముక్క పెట్టొద్దు

సీటు కిందో, పక్క కవర్ లోపలో బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు బాక్స్ ఉంటుంది. ఫ్యూజు బయటకు లాగి లోపలి తీగ తెగిందేమో చూడాలి. కంటికి తెలియకపోతే మీటర్ కంటిన్యుటీలో పెట్టి రెండు కాళ్లకూ ఆనిస్తే 'బీప్' రావాలి.

10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 10దే పెట్టాలి. 20ది పెట్టడం, రాగి తీగ చుట్టడం, సిగరెట్ ప్యాకెట్ రేకు దూర్చడం అస్సలు చేయొద్దు. ఫ్యూజు ఉన్నదే వైర్ కాలకముందు తను కాలిపోవడానికి. దాన్ని పక్కన పెడితే షార్ట్ అయినప్పుడు వైరింగ్ మొత్తం వేడెక్కుతుంది. దాని పైనే పెట్రోల్ ట్యాంక్ ఉంటుందన్న సంగతి మర్చిపోవద్దు.

కొత్త ఫ్యూజు పెట్టగానే మళ్లీ పోతే ఎక్కడో వైర్ బాడీకి తగులుతోందని అర్థం. హ్యాండిల్ తిప్పేటప్పుడు నలిగే చోట, ట్యాంక్ కింద, సీటు హింజ్ దగ్గర, టెయిల్ లైట్ వైర్లు వెళ్లే చోట ముందు వెతకాలి. హ్యాండిల్ కుడివైపు తిప్పితే ఆగిపోయి, ఎడమవైపు తిప్పితే బాగుంటే సమస్య స్టీరింగ్ దగ్గరి వైర్లలోనే ఉంది. ఆరుబయట పార్క్ చేసే బండ్లకు ఎలుకలు వైర్లు కొరికే బెడద కూడా ఎక్కువే.

ప్లగ్ చెప్పే నిజాలు

మోటార్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే ప్లగ్ విప్పాలి. ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని ఊదేయాలి, లేకపోతే అది ఇంజిన్ లోపల పడుతుంది. పల్సర్ ట్విన్ స్పార్క్ మోడళ్లలో రెండు ప్లగ్‌లు, ఎన్ఎస్ 200లో మూడు ఉంటాయి. ఒక్కటి చూసి వదిలేయకూడదు.

ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ అందుతోంది, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా మాడినట్టు ఉంటే ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. పెట్రోల్‌తో తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది కానీ మండట్లేదు. తడిసిన ప్లగ్‌ను ఆరబెట్టి, చోక్ ఆఫ్ చేసి, కార్బ్యురేటర్ బండి అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొడితే లోపల పేరుకున్న పెట్రోల్ పోతుంది.

చాలా కమ్యూటర్ బండ్లలో ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి. ప్లగ్ తిరిగి పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. కొత్త ప్లగ్ వాషర్ ఆనిన తర్వాత పానాతో సుమారు అర చుట్టు బిగిస్తే చాలు. బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం హెడ్‌లో మర పోతుంది. అప్పుడు ప్లగ్ ఖర్చుతో పోయేది కాస్తా పెద్ద రిపేర్ అవుతుంది.

స్పార్క్ టెస్ట్ ఇలా చేస్తే సేఫ్

చాలామంది ప్లగ్ విప్పి, ఆ రంధ్రం పక్కనే పట్టుకుని సెల్ఫ్ కొడతారు. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, స్పార్క్ తగిలితే భగ్గుమంటుంది. దీనికి మంచి పద్ధతి ఉంది. బండి ప్లగ్‌ను దాని చోటే ఉంచి, ఇంకో మంచి ప్లగ్‌ను క్యాప్‌కి తగిలించాలి. దాని లోహపు భాగాన్ని ఇంజిన్ బోల్టుకి గట్టిగా ఆనించి, వైర్ క్లిప్‌తో నిలబెట్టి సెల్ఫ్ కొట్టాలి. వట్టి చేత్తో పట్టుకోకూడదు. అక్కడ వేల వోల్టుల కరెంట్ ఉంటుంది. ప్లగ్ దేనికీ ఆనకుండా గాల్లో ఉంచి కొడితే కాయిల్, సీడీఐ దెబ్బతినొచ్చు.

నీలం రంగులో 'చిట్ చిట్' మని గట్టిగా వస్తే స్పార్క్ బాగుంది. పసుపుగా, ఎర్రగా పీలగా వస్తే బలహీనం. అసలు రాకపోతే ప్లగ్ క్యాప్ చూడాలి. చాలా బండ్లలో క్యాప్‌ను వైర్ నుంచి మర తిప్పి ఊడదీయొచ్చు. వైర్ చివర నల్లబడితే అర సెంటీమీటర్ కోసేసి మళ్లీ బిగించాలి. అయినా రాకపోతే కిల్ స్విచ్‌లో నీళ్లు, ఇగ్నిషన్ కాయిల్, పికప్ కాయిల్, సీడీఐ ఈ వరుసలో అనుమానించాలి. సీడీఐ లాంటి ఖరీదైన పార్టు ఎప్పుడూ చివరి అనుమానమే. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడి సీడీఐ పెట్టి చూశాకే కొత్తది కొనడం తెలివైన పని.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు రావడంతో కొత్త బండ్లలో దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వీటిలో తాళం ఆన్ చేయగానే ట్యాంక్ దగ్గర రెండు మూడు సెకన్లు 'జూ' మని పంప్ శబ్దం వినాలి. కిల్ స్విచ్ ఆన్‌లో ఉన్నా ఆ శబ్దం రాకపోతే పంప్ ఫ్యూజు, రిలే, కనెక్టర్ చూడాలి.

మీటర్‌లో ఇంజిన్ బొమ్మ లైట్ ఆరకుండా ఉంటే ఈసీయూ ఏదో లోపం గుర్తించినట్టు. కొన్ని మోడళ్లలో ఆ లైట్ ఎన్నిసార్లు బ్లింక్ అవుతోందన్నదే ఫాల్ట్ కోడ్. దాన్ని ఫోన్‌లో వీడియో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే పని సులువవుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాత కార్బ్యురేటర్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ డెడ్ అయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. ఇంజెక్షన్ బండికి పంప్, ఈసీయూ పనిచేయాలంటే బ్యాటరీలో కాస్తయినా ప్రాణం ఉండాలి. పూర్తిగా డెడ్ అయితే ఎంతమంది తోసినా స్టార్ట్ కావడం కష్టం. అలాంటప్పుడు ఇంకో 12 వోల్టుల బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేయాలి. ప్లస్‌కి ప్లస్, మైనస్ వైర్ ఇంజిన్ బాడీకి కలపాలి. కారు నుంచి తీసుకుంటే కారు ఇంజిన్ ఆపే ఉంచాలి.

బండి ఛార్జ్ చేస్తోందా లేదా?

కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు తప్పక చేయాల్సిన టెస్ట్ ఇదే. బండి స్టార్ట్ చేసి, మీటర్ బ్యాటరీకి పెట్టి, యాక్సిలరేటర్ మెల్లగా పెంచాలి. ఆర్పీఎం 4000 దాటేసరికి రీడింగ్ 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు.

రీడింగ్ 12 దగ్గరే ఉండిపోతే ఛార్జింగ్ లేదు. స్టేటర్ కాయిల్, రెగ్యులేటర్ రెక్టిఫైయర్, వాటి మధ్య కనెక్టర్ ఈ మూడింటిలో ఒకటి కారణం. కనెక్టర్ విప్పి చూస్తే ప్లాస్టిక్ కరిగి, పిన్ నల్లబడి కనిపించడం మామూలే. స్టేటర్ నుంచి ఒకే రంగు వైర్లు మూడు వచ్చే బండ్లలో ఏ రెండింటి మధ్య కొలిచినా ఓమ్స్ రీడింగ్ తక్కువగా, సమానంగా ఉండాలి. బాడీకి మాత్రం కంటిన్యుటీ రాకూడదు. అలా వస్తే కాయిల్ షార్ట్ అయినట్టు.

రీడింగ్ 15 దాటిపోతే రెగ్యులేటర్ పోయినట్టు. బల్బులు తరచూ పోవడం, బ్యాటరీ ఉబ్బడం, నీళ్లు త్వరగా తగ్గిపోవడం దీని గుర్తులు. ఈ స్థితిలో కొత్త బ్యాటరీ వేసినా అదీ చెడిపోతుంది.

ఆగి ఉన్నప్పుడే బ్యాటరీ దిగిపోతే

ఛార్జింగ్ బాగుంది, బ్యాటరీ కొత్తదే, అయినా మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే డౌన్. అప్పుడు లీకేజీ చూడాలి. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ వైర్ తీసి, ఆ వైర్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టాలి. రీడింగ్ చాలా తక్కువగా ఉంటే మిల్లీ ఆంపియర్లకు మార్చాలి. మీటర్ ఇలా ఉండగా తాళం ఆన్ చేయకూడదు, సెల్ఫ్ నొక్కకూడదు. మీటర్ ఫ్యూజు పోతుంది.

గడియారం, ఈసీయూ కోసం కొన్ని మిల్లీ ఆంపియర్లు పోవడం సహజం. 50 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్ ఖర్చయినట్టు. అంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీసినప్పుడు రీడింగ్ పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతాడు. బ్యాటరీకి నేరుగా కలిపిన మొబైల్ ఛార్జర్, జీపీఎస్ ట్రాకర్, యాంటీ థెఫ్ట్ అలారం మొదటి అనుమానితులు.

ఎక్స్‌ట్రా లైట్లు పెట్టించారా?

ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు పెట్టేటప్పుడు ఉన్న వైర్‌కే గీరి జాయింట్ కొట్టి టేప్ చుట్టేస్తుంటారు. తర్వాత వచ్చే సమస్యలకు చాలావరకు ఇదే మూలం. లెక్క సులువే. 20 వాట్ల లైట్లు రెండు కలిపి 40 వాట్లు, 12తో భాగిస్తే దాదాపు 3.3 ఆంపియర్లు. దీనికి బ్యాటరీ నుంచి విడి వైర్, 5 ఆంపియర్ల విడి ఫ్యూజు, రిలే ఉండాలి. తాళం ఆఫ్ చేస్తే లైన్ కూడా ఆఫ్ కావాలి. వారంటీలో ఉన్న బండి వైరింగ్ కోయిస్తే వారంటీ వర్తించకపోవచ్చు.

ఇండికేటర్ ఒకవైపు వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు పోయిందని, లేదా తక్కువ వాట్ల ఎల్ఈడీ వేశారని అర్థం. బ్రేక్ లైట్ ఆరకుండా వెలుగుతుంటే పెడల్ దగ్గరి స్విచ్ స్ప్రింగ్ పట్టేసి ఉంటుంది. రోజూ నడిచినంతసేపూ అది బ్యాటరీని తినేస్తూనే ఉంటుంది.

వానాకాలంలో స్పెషల్ కేర్

వాన నీళ్లలోంచి వచ్చాక బండి ఆగిపోతే వెంటనే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు సైలెన్సర్ మించి, ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చి ఉంటే ఇంజిన్ లోపలికి నీరు చేరి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌నే పిలవాలి. పైపైన తడిసిందంతే అయితే ప్లగ్ క్యాప్, కిల్ స్విచ్, కనెక్టర్లు పొడి గుడ్డతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వాలి. వాటర్ వాష్‌లో ప్రెజర్ గన్‌ను స్విచ్‌లు, మీటర్, ఫ్యూజు బాక్స్ మీదకు నేరుగా పెట్టనివ్వకూడదు.

ఎప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాలి?

వైర్ కాలిన వాసన వచ్చినా, పెట్టిన ఫ్యూజు పెట్టినట్టే పోతున్నా, బ్యాటరీ ఉబ్బినా, ఏబీఎస్ లేదా ఇంజిన్ లైట్ ఆరకపోయినా ఇంట్లో ప్రయోగాలు ఆపేయాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి బండిని షెడ్‌కి పంపాలి. వెళ్లేటప్పుడు మీరు కొలిచిన మూడు రీడింగులు ఒక కాగితం మీద రాసుకోండి: ఆగి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత, 4000 ఆర్పీఎం దగ్గర ఎంత. ఆ మూడు అంకెలు చెబితే మంచి మెకానిక్‌కి సగం పని అయిపోతుంది. అక్కర్లేని పార్టు మార్చి బిల్లు వేసే అవకాశమూ తగ్గుతుంది.